ఎందుకని అడిగినచో బదులు చెప్పిన యంత్రము

తీవ్రమైన జ్వరముతో ఒక రోగి ఆసుపత్రికి వచ్చినాడనుకొందము. అతని రక్తములో ఏవో సూక్ష్మజీవులు ప్రవేశించినవని వైద్యునికి అనుమానము కలిగినది. రక్తమును కొంచెము తీసి ప్రయోగశాలకు పంపును. అచ్చట సూక్ష్మజీవులను పెంచి, అవి ఏ జాతివో, ఏ మందుకు లొంగునో తేల్చుటకు ఒకటి రెండు దినములు పట్టును. రోగి అంతవరకు ఆగగలడా? ఆగలేడు. కావున శత్రువు పేరు తెలియకముందే వైద్యుడు ఆయుధమును ఎన్నుకొనవలెను. ఎన్నిక తప్పినచో రోగి ప్రాణమునకే ముప్పు. ఎందుకైనను మంచిదని నాలుగు మందులు కలిపి ఇచ్చినచో మూత్రపిండములకో, వినికిడికో హాని కలుగవచ్చును. అంతేగాక మందులకు లొంగని సూక్ష్మజీవులు క్రమముగా పెంపొందును.

ఇట్టి సమయమున అనుభవశాలియైన నిపుణుడు ప్రక్కన ఉన్నచో చిక్కు చాలవరకు తీరును. కాని నిపుణులు అన్ని ఆసుపత్రులలోను, అన్ని వేళలందును ఉండరు. నిపుణుని తెలివిని గణకయంత్రములో నింపి, దానినే వైద్యునికి సలహాదారుగా చేయవచ్చునా? ఈ ప్రశ్నను 1970 తరువాతి దశకమున అమెరికాలో ఒక వైద్య విద్యార్థి చేపట్టెను. ఆయన పేరు ఎడ్వర్డ్ షార్ట్‌లిఫ్. ఆయన నిర్మించిన కార్యక్రమము పేరు మైసిన్. కృత్రిమ మేధ వైద్యశాస్త్రములో అడుగిడిన చరిత్రలో దీనికొక ప్రత్యేక స్థానము కలదు. నేడు ఆసుపత్రులలో ఇట్టి యంత్రములను గురించి ఎన్నియో మాటలు వినవచ్చుచున్నవి. ఆ మాటలను తూచుకొనుటకు ఈ పాత కథ మంచి త్రాసు వంటిది.

యువకుడును, ఆయన గురువులును

షార్ట్‌లిఫ్ 1947లో కెనడా దేశములోని ఎడ్మంటన్ నగరమున జన్మించెను. 1970లో హార్వర్డు విశ్వవిద్యాలయమున అనువర్తిత గణితములో పట్టము పొంది, వైద్యము చదువుటకు కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు వచ్చెను. వైద్యమును, గణకయంత్ర శాస్త్రమును రెండింటిని జోడించి చదువవలెనని ఆయన కోరిక. ఆ కాలమున అట్టి జోడు చదువు చాల అరుదు. ఆయన 1975లో డాక్టరేటును, 1976లో వైద్య పట్టమును పొందెను. అనగా పేరు తెచ్చిన పరిశోధన ముగియునాటికి ఆయన ఇంకను వైద్య విద్యార్థియే.

ఆయనకు దొరికిన గురువులు సామాన్యులు కారు. వారిలో ఒకరు స్టాన్లీ కోహెన్. 1973లో హెర్బర్ట్ బోయర్‌తో కలిసి జన్యువులను ఒక జీవి నుండి మరియొక జీవిలోనికి మార్చు పద్ధతిని కనుగొన్న శాస్త్రజ్ఞుడు ఈయనయే. ఒక మందు మరియొక మందుతో కలిసినపుడు కలుగు కీడును గణకయంత్రముచే ముందుగా హెచ్చరింపజేయు ప్రయత్నమును కూడ ఈయన చేసియుండెను. సూక్ష్మజీవుల వ్యాధులలో నిపుణుడైన స్టాంటన్ ఆక్స్‌లైన్ మరియొకరు. యంత్రములకు తర్కము నేర్పుటలో అనుభవము గల బ్రూస్ బుకానన్ వేరొకరు. బుకానన్, ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్, నోబెల్ బహుమానము పొందిన జాషువా లెడర్‌బర్గ్ మున్నగువారు అంతకు ముందే, 1965లో ప్రారంభమైన డెండ్రాల్ అను కార్యక్రమమును నిర్మించిరి. రసాయన పదార్థముల అణువుల కట్టడిని ఊహించి చెప్పుట దాని పని. దానివలన వారికొక సత్యము బోధపడెను. యంత్రము బలము కేవలము తర్కములో లేదు. ఆ రంగములోని నిపుణునకు తెలిసిన చిన్న చిన్న విషయముల రాశిలో ఉన్నది. మైసిన్ ఈ భావము నుండి పుట్టినదే.

పేరులో ఒక విశేషమున్నది. స్ట్రెప్టోమైసిన్, ఎరిత్రోమైసిన్ మొదలగు అనేక యాంటీబయోటిక్ మందుల పేర్లు ‘మైసిన్’ అని ముగియును. ఆ తోకనే ఈ కార్యక్రమమునకు పేరుగా పెట్టిరి. తెలుగువారికి ఈ తోక క్రొత్తది కాదు. 1948లో వెలువడిన ఆరియోమైసిన్ అను మందును లెడర్లీ ప్రయోగశాలలలో బెంజమిన్ డగ్గర్ కనుగొనెను. ఆ కాలమున అచ్చటి పరిశోధనలకు సారథి భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు.

నియమముల రాశి

మైసిన్‌లోని తెలివి అంతయు ‘ఇట్లయినచో అట్లు’ అను నియమముల రూపమున నుండెను. ఒక నియమమును చూతము. సూక్ష్మజీవులను అద్దకపు రంగుతో పరీక్షించు పద్ధతిని 1884లో డెన్మార్కు దేశీయుడైన హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ ప్రకటించెను. ఆ ఊదారంగును నిలుపుకొనునవి ఒక తెగ, నిలుపుకొననివి మరియొక తెగ. మైసిన్ నియమము ఇట్లుండెను: సూక్ష్మజీవి గ్రామ్ రంగును నిలుపుకొననిదై, కడ్డీ ఆకారము గలదై, ప్రాణవాయువు లేనిచోట పెరుగునదైనచో, అది బాక్టీరాయిడిస్ అను జాతిదని 0.6 మేరకు నమ్మవచ్చును. ఇట్టి నియమములు తొలి రూపమున సుమారు 200 ఉండెను. మెదడు పొరల వాపునకు సంబంధించినవి తరువాత చేర్చగా 400 దాటెను. వీనిని లిస్ప్ అను యంత్రభాషలో వ్రాసిరి.

యంత్రము ఈ నియమములను మొదటినుండి చివరివరకు వరుసగా వల్లించదు. తేల్చవలసిన విషయము నుండి బయలుదేరి వెనుకకు నడచును. ‘ఈ రోగికి చికిత్స చేయవలసిన సూక్ష్మజీవి ఏది?’ అనునది దాని గమ్యము. దానిని తేల్చు నియమములు ఏవి? వానికి ఏ సంగతులు తెలియవలెను? ఆ సంగతులను తేల్చు నియమములు వేరే కలవా? ఇట్లు ఒక్కొక్క మెట్టే దిగి, ఏ నియమమును చెప్పలేని సంగతి వచ్చినపుడు మాత్రమే వైద్యుని ప్రశ్నించును. రేఖాగణితములో సిద్ధాంతమును నిరూపించు విద్యార్థి ‘దీనిని సాధించుటకు ముందు ఏది సాధించవలెను?’ అని వెనుకకు ఆలోచించుట వంటిదే ఇది.

మరి 0.6 అను అంకె సంగతి ఏమి? వైద్యములో నిశ్చయముగా చెప్పదగినవి కొన్నియే. ‘కావచ్చును’, ‘బహుశః అగును’ అనునవే ఎక్కువ. ఈ తరతమములను లెక్కలోనికి తెచ్చుటకు షార్ట్‌లిఫ్, బుకానన్ ఒక నిశ్చయ గుణకమును కల్పించిరి. పూర్తి నమ్మకమునకు +1, పూర్తి నిరాకరణకు −1, ఏమియు తెలియనిచో 0. ఒకే నిర్ణయమునకు రెండు ఆధారములు దొరికినచో వానిని కలుపు విధము సులభము. మొదటి ఆధారము 0.6 అనుకొందము. మిగిలిన లోటు 0.4. రెండవ ఆధారము 0.5 అయినచో, అది ఆ లోటులో సగమును, అనగా 0.2ను పూరించును. మొత్తము 0.8. ఎన్ని ఆధారములు చేరినను మొత్తము 1ని మించదు. ఈ లెక్కకు సంభావ్యతా సిద్ధాంతముతో పూర్తిగా పొత్తు కుదరదని తరువాతి పరిశోధకులు చూపిరి. అయినను ఆనాటి పనికి అది అక్కరకు వచ్చెను.

‘ఎందుకు?’ అను ప్రశ్న

మైసిన్‌కు గల గొప్ప గుణము వేరొకటి. అది ప్రశ్న వేసినపుడు వైద్యుడు ఎదురు ప్రశ్న వేయవచ్చును. ‘రోగి దేహమున ఏదైన శస్త్రచికిత్స జరిగినదా?’ అని యంత్రము అడిగినచో, ‘ఎందుకు అడుగుచున్నావు?’ అని వైద్యుడు టైపు చేయవచ్చును. యంత్రము తాను ఆ క్షణమున పరిశీలించుచున్న నియమమును ఇంగ్లీషు వాక్యములలో చూపును. తుది నిర్ణయము వెలువడిన పిదప ‘దీనిని ఎట్లు తేల్చితివి?’ అని అడిగినచో, ఏ ఏ నియమములు పనిచేసినవో వరుసగా వినిపించును. నియమము తప్పని నిపుణుడు భావించినచో దానిని మార్చవచ్చును, తీసివేయవచ్చును.

ఇది చిన్న సంగతి కాదు. గణితపు పరీక్షలో సరియైన అంకెను మాత్రము వ్రాసి, మధ్యలోని మెట్లు చూపని విద్యార్థికి ఉపాధ్యాయుడు పూర్తి మార్కులు వేయడు. ఆ అంకె ప్రక్క కాగితము నుండి వచ్చియుండవచ్చును, లేక తప్పు దారిన నడచి అదృష్టవశమున ఒప్పు చోటికి చేరియుండవచ్చును. మెట్లు కనబడినప్పుడే తప్పు ఎచ్చట ఉన్నదో తెలియును, దిద్దుటకు వీలగును. వైద్యములోనైతే ఆ తప్పునకు వెల ఒక ప్రాణము. చికిత్సకు బాధ్యత వహించువాడు వైద్యుడు. కారణము తెలియని సలహాను అతడు గ్రుడ్డిగా పాటించినచో ఆ బాధ్యత పేరునకే మిగులును. షార్ట్‌లిఫ్ ఈ సంగతిని మొదటినుండియు గుర్తించెను. కారణము చెప్పలేని యంత్రమును వైద్యులు ఒప్పుకొనరు, ఒప్పుకొనుట మంచిది కూడ కాదు అనునది ఆయన నిర్మాణమునకు పునాది.

1976లో అమెరికాలోని గణకయంత్ర శాస్త్రజ్ఞుల సంఘము యువ శాస్త్రజ్ఞులకిచ్చు గ్రేస్ ముర్రే హాపర్ బహుమానమును ఆయనకు ఇచ్చెను.

పరీక్షలో యంత్రము

యంత్రము నిజముగా పనికివచ్చునా అని తెలియుటకు పరీక్ష పెట్టవలెను గదా. మెదడు పొరల వాపుతో వచ్చిన 10 మంది రోగుల వివరములను తీసికొనిరి. వారికి ఏ మందు ఇవ్వవలెనో మైసిన్‌ను అడిగిరి. ఆ వివరములనే స్టాన్‌ఫర్డ్ వైద్యశాలలోని 5 గురు ఆచార్యులకును, మరికొందరు వైద్యులకును, ఒక వైద్య విద్యార్థికిని ఇచ్చి వారి సలహాలను తీసికొనిరి. తరువాత ఈ సలహాలన్నిటిని 8 మంది వెలుపలి నిపుణులకు పంపిరి. ఏ సలహా ఎవరిదో, వానిలో యంత్రము వ్రాసినది కూడ ఒకటి ఉన్నదో లేదో వారికి చెప్పలేదు. ఈ జాగ్రత్త ముఖ్యమైనది. యంత్రమని తెలిసినచో కొందరు మెచ్చుకొందురు, కొందరు ఈసడింతురు. రెండును న్యాయము కాదు.

ఫలితము 1979లో అమెరికా వైద్య సంఘపు పత్రికలో వెలువడెను. మైసిన్ సలహాలు నూటికి 65 వంతులు అంగీకారయోగ్యములని నిపుణులు తేల్చిరి. ఆచార్యుల సలహాలకు వచ్చిన వంతులు 42.5 నుండి 62.5 వరకు మాత్రమే. చికిత్సకు లొంగు ఏ సూక్ష్మజీవిని మైసిన్ విడిచిపెట్టలేదు. అనవసరముగా మందులను పెంచనూ లేదు. ఇందులో మరియొక పాఠము కూడ కలదు. అందరికంటె మిన్నగా వచ్చినదానికి కూడ 65కు మించలేదు. అనగా గొప్ప నిపుణులలోనే మూడింట ఒక వంతు మేరకు అభిప్రాయభేదము ఉన్నదన్నమాట. వైద్యములో ‘ఒకే సరియైన జవాబు’ అనునది మనము తలచినంత సులభముగా దొరకదు.

పడక ప్రక్కకు చేరలేదు

ఇంత చక్కగా పరీక్ష నెగ్గిన మైసిన్ ఎందరు రోగులకు చికిత్స చేసెను? ఒక్కరికిని లేదు. అది ఏ ఆసుపత్రిలోను నిత్యవ్యవహారములోనికి రాలేదు. కారణములు తెలిసికొనదగినవి. ఆ కాలపు గణకయంత్రము వైద్యుని బల్లమీద ఉండునది కాదు. దూరమున ఉన్న పెద్ద యంత్రముతో తీగ ద్వారా మాటాడవలసి యుండెను. రోగి వివరములు ఆసుపత్రి కాగితములలో ఉండెను. వానిని ప్రతిసారి టైపు చేయుటకు అర్ధగంట వరకు పట్టెడిది. పది మంది రోగులు ఎదురుచూచు వైద్యునికి అంత తీరిక ఎక్కడిది? అదియునుగాక యంత్రము సలహావలన కీడు కలిగినచో బాధ్యులెవ్వరను ప్రశ్నకు ఆనాడు ఎవరివద్దను జవాబు లేకుండెను.

తెలివిలోనూ ఒక లోపమున్నది. దానిని 1984లో చూపినవాడు జాన్ మెకార్తీ. ‘కృత్రిమ మేధ’ అను పేరును 1955లో పెట్టినవాడును, మైసిన్‌కు వాడిన లిస్ప్ భాషను సృష్టించినవాడును ఈయనయే. రోగి ప్రేవులలో కలరా క్రిములు ఉన్నవని మైసిన్‌కు చెప్పినచో అది రెండు వారములపాటు టెట్రాసైక్లిన్ ఇవ్వుమని చెప్పి ఊరకుండును. ఆ మందు క్రిములను చంపును, నిజమే. కాని అప్పటికి రోగి విరేచనములవలననే మరణించియుండును అని మెకార్తీ వ్రాసెను. కలరాలో ముందు కాపాడవలసినది దేహములోని నీటిని, ఉప్పును. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలమున మన దేశపు బంగావ్ శరణార్థి శిబిరములో వైద్యుడు దిలీప్ మహలనబీస్ ఉప్పు, పంచదార కలిపిన నీటిని త్రాగించి ఎందరి ప్రాణములనో నిలిపెను. రోగి అనగా సూక్ష్మజీవులను మోయు పాత్ర కాదు, నిమిషనిమిషమునకు బలము తగ్గిపోవుచున్న మనిషి అను సామాన్య జ్ఞానము 400 నియమములలో ఎచ్చటను లేదు. తన ఎల్లలు ఎచ్చట ముగియునో కూడ యంత్రమునకు తెలియదు.

విత్తనము వృథా కాలేదు

అయినను ఆ శ్రమ వృథా పోలేదు. మైసిన్ నుండి సూక్ష్మజీవుల నియమములను తీసివేసి, తర్కము చేయు కట్టడిని మాత్రము మిగిల్చి, అందులో వేరొక రంగపు నియమములను నింపవచ్చునని శిష్యులు చూపిరి. ఇట్లు తయారైన పఫ్ అను కార్యక్రమము శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక వైద్యశాలలో ఊపిరితిత్తుల పరీక్షల ఫలితములను వివరించు పనిలో నిత్యము ఉపయోగపడెను. పరీక్షాయంత్రము నుండి అంకెలు తామే వచ్చుటవలన వైద్యుడు టైపు చేయవలసిన పని లేకపోయెను. యంత్రము వ్రాసిన నివేదికను చదివి, సరిచూచి, సంతకము చేయుటయే అతని వంతు.

షార్ట్‌లిఫ్ కూడ ఆ పాఠమును గ్రహించెను. తరువాత ఆయన బృందము పుట్టకురుపు రోగుల మందులను నిర్ణయించుటకు ఆంకోసిన్ అను కార్యక్రమమును నిర్మించి, 1981లో స్టాన్‌ఫర్డ్ చికిత్సాలయములో ప్రవేశపెట్టెను. వైద్యులు అంతవరకు కాగితము మీద నింపుచుండిన పట్టికనే అది తెరమీద చూపెను. వైద్యుని పనిని పెంచక, ఉన్న పనిలోనే కలిసిపోవుట దాని ఉద్దేశము.

ఈ కృషికంతటికి నేపథ్యములో నిలిచిన ఫైగెన్‌బామ్‌కు 1994లో గణకయంత్ర శాస్త్రమున అత్యున్నతమైన ట్యూరింగ్ బహుమానము లభించెను. ఆయనతో దానిని పంచుకొన్నవారు రాజ్ రెడ్డి. వీరు 1937లో చిత్తూరు జిల్లాలోని కాటూరు గ్రామమున జన్మించి, మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, స్టాన్‌ఫర్డ్‌లో మెకార్తీ వద్ద పరిశోధన చేసి 1966లో డాక్టరేటు పొందిరి. యంత్రములకు మనుష్యుల మాటను వినుట నేర్పిన తొలివారిలో వీరొకరు.

నేటి యంత్రములు

నేటి వైద్య యంత్రములు చాలవరకు వేరొక దారిన నడచుచున్నవి. నిపుణుడు నియమములు చెప్పడు. లక్షలకొలది ఉదాహరణములను చూపును, యంత్రము తానే నేర్చుకొనును. 2016లో గూగుల్ పరిశోధకులు మధుమేహమువలన కంటి లోపలి పొరకు కలుగు చెరుపును గుర్తించు యంత్రమును ప్రకటించిరి. దానికి నేర్పుటకు 1,28,175 చిత్రములను వాడిరి. వానిని 54 మంది కంటి వైద్యులు పరిశీలించి తరగతులుగా విభజించిరి. అమెరికా చిత్రములతోపాటు మన దేశపు అరవింద్, శంకర నేత్రాలయ, నారాయణ నేత్రాలయ వైద్యశాలల చిత్రములు కూడ అందులో ఉన్నవి. నిపుణులతో సరితూగు నేర్పును ఆ యంత్రము చూపెను. కంటి వైద్యులు లేని పల్లెలకు ఇట్టి సాధనము ఎంత మేలు చేయగలదో వేరే చెప్పనక్కరలేదు.

కాని ఈ యంత్రమును ‘ఎందుకు?’ అని అడిగినచో మైసిన్ వలె ఒక వాక్యములో బదులు రాదు. దాని తెలివి లక్షల అంకెలుగా చెదరి ఉన్నది. ఇందువలన వచ్చు ప్రమాదమునకు ఒక ఉదాహరణము చాలును. 1990 తరువాతి దశకమున అమెరికాలో న్యుమోనియా రోగులలో ఎవరికి ప్రాణాపాయము ఎక్కువో తెలిసికొనుటకు పలువిధములైన నేర్చుకొను యంత్రములను పోల్చి చూచిరి. వానిలో నియమముల రూపమున నేర్చుకొనునది ఒకటి వింతయైన నియమమును బయటపెట్టెను: ఉబ్బసము గల న్యుమోనియా రోగికి ప్రాణాపాయము తక్కువట! విచారించగా అసలు సంగతి తెలిసెను. ఉబ్బసము గలవారికి న్యుమోనియా వచ్చినచో వైద్యులు భయపడి వెంటనే తీవ్ర చికిత్సా విభాగములో ఉంచి గట్టి చికిత్స చేసిరి. అందుచే వారిలో మరణములు తగ్గినవి. అంకెలు అబద్ధమాడలేదు. కాని ఆ నియమమును నమ్మి అట్టి రోగులను ఇంటికి పంపినచో ఘోరము జరిగియుండును. నియమము కంటికి కనబడుటచేతనే తప్పు పట్టుబడెను. అదే పోలికలో అన్నిటికంటె ఎక్కువ సరిగా లెక్క చెప్పినది కారణము చూపని యంత్రము. దానిలో ఇట్టి తప్పులు ఇంకెన్ని దాగియున్నవో తెలియదని తలచి, పరిశోధకులు దానిని రోగులపై ప్రయోగించుటకు జంకిరి.

కావున నియమముల యంత్రమే మేలు, నేర్చుకొను యంత్రము కీడు అని కాదు. మైసిన్ కారణము చెప్పగలిగెను, కాని సామాన్య జ్ఞానము లేక కలరా రోగిని కాపాడలేకపోయెడిది. నేటి యంత్రము చూపులో మైసిన్‌ను ఎంతో మించినది, కాని తన చూపునకు కారణము చెప్పుటలో వెనుకబడినది. ఆ కారణమును రాబట్టు ఉపాయములకై శాస్త్రజ్ఞులు నేడు శ్రమించుచున్నారు. ఈలోగా యంత్రమునకు పెట్టవలసిన పరీక్షలు యాభై ఏండ్ల క్రిందటివే: తెలియనివారి చేతికిచ్చి నిష్పక్షపాతముగా తూచుట, రోగి పడక ప్రక్కన అది నిజముగా పనికివచ్చునో చూచుట, తప్పు జరిగినచో బాధ్యులెవరో ముందే తేల్చుకొనుట.

వైద్యులు కాగోరు విద్యార్థులు ఈ కథనుండి గ్రహించవలసినది ఒకటి కలదు. షార్ట్‌లిఫ్ గొప్ప యంత్రమును కొని తెచ్చి వైద్యులముందు పెట్టలేదు. ముందుగా నిపుణుల ప్రక్కన కూర్చుండి, ‘ఈ మందే ఎందుకు ఇచ్చితిరి? ఆ అనుమానము మీకు ఎట్లు వచ్చెను?’ అని వందలకొలది ప్రశ్నలు అడిగించి, వారికే స్పష్టముగా తెలియని వారి ఆలోచనను మాటలలో పెట్టించెను. యంత్రము ‘ఎందుకు’ అను ప్రశ్నకు బదులు చెప్పగలిగినది, దానిని నిర్మించినవారు ఆ ప్రశ్నను ముందు మనుష్యులను అడిగినందుననే. తరగతి గదిలో ఆ ప్రశ్న అడుగు విద్యార్థిని ఉపాధ్యాయులు విసుగుకొనక ప్రోత్సహింతురుగాక. రేపు యంత్రము చెప్పిన సలహాను రోగి తరఫున నిలదీయవలసినవాడు అతడే.